వైరస్ నడిచే దారి

(కోరుట్లలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఇవాళ మనం తలచుకుంటున్న డాక్టరు గారు ఈ ప్రాంతపు పిల్లలకు వైద్యం చేస్తూనే జీవితమంతా గడిపారు. తన వర్ధంతి సభలో తన గురించి మాట్లాడవద్దనీ, తల్లులకు పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పించమనీ ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లారట. అందుకే ఆయన పేరును ఆహ్వాన పత్రికకే వదిలేసి, ఆయన్ను చివరిదాకా కలవరపెట్టిన విషయంతోనే మొదలుపెడతాను.

2003 నాటికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఒకే కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఆ ఏడు జూన్‌లో, తొలకరి పడే వేళకు, పల్లెల నుంచి పిల్లలను ఎత్తుకుని తల్లిదండ్రులు దవాఖానలకు పరుగెత్తుకు రావడం మొదలైంది. ఉన్నట్టుండి ఎక్కువ జ్వరం, వాంతులు, కొందరికి విరేచనాలు, గంటల్లోనే ఫిట్స్, ఆపైన స్పృహ ఉండేది కాదు. చాలామంది దవాఖానలో చేరిన 48 గంటల లోపే పోయారు. తొమ్మిది నెలల పసిబిడ్డ నుంచి పద్నాలుగేళ్ల బడిపిల్లల దాకా ఉన్నారు వాళ్లలో. జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో లెక్కకు వచ్చిన పిల్లలు 329 మంది, చనిపోయినవాళ్లు 183 మంది. సగం కంటే ఎక్కువ. ఎక్కువగా దెబ్బతిన్నవి కరీంనగర్, వరంగల్ జిల్లాలు.

మెదడువాపు అనగానే అందరి చూపూ పందుల మీద, దోమల మీద పడింది. అందులో తప్పులేదు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు వైరస్ పందుల్లో పెరిగి, వరిమడుల్లో పుట్టే దోమల ద్వారా పిల్లలకు చేరుతుంది. మన రాష్ట్రం ఆ జబ్బును అంతకుముందే చూసింది. కానీ పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు పంపిన నమూనాల్లో ఆ వైరస్ కనబడలేదు. మరొకటి కనబడింది. దాని పేరు చాందీపురా. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురా అనే ఊళ్లో జ్వరం వచ్చిన ఇద్దరి రక్తం నుంచి పుణె శాస్త్రవేత్తలే దాన్ని మొదటిసారి వేరుచేశారు. ఆ తరువాత దాదాపు నలభై ఏళ్లు అది పుస్తకాల్లో ఒక మూలన పడి ఉంది. ఇంతమంది పిల్లలను పొట్టన పెట్టుకోగలదని ప్రపంచానికి తెలిసింది మన ఊళ్ల పిల్లల వల్లనే. 2004లో ద లాన్సెట్ పత్రికలో ఆ సంగతి అచ్చయింది.

అసలు వైరస్ మనిషిని ఎలా జబ్బుపరుస్తుంది? ఇక్కడ సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు కనుక సాంచాల, అంటే మరమగ్గాల, భాషలోనే చెబుతాను. సాంచా మీది, నూలు మీది, కరెంటు బిల్లు మీది. రాత్రిపూట ఎవడో వచ్చి డిజైన్ అట్ట మాత్రం మార్చిపోయాడనుకోండి. తెల్లారేదాకా సాంచా ఆగకుండా నడుస్తుంది, నూలంతా అయిపోతుంది, కానీ నేసిందంతా వాడి బట్ట. వైరస్ అంటే ఆ అట్ట. దానికి సొంత ఆకలి లేదు, సొంత ఊపిరి లేదు. కొంత జన్యుపదార్థం, దాని చుట్టూ ఒక మాంసకృత్తుల తొడుగు, కొన్నింటికి ఆపైన పలుచని కొవ్వు పొర. అంతే. చాందీపురా జన్యువు మొత్తంలో అయిదు ప్రొటీన్లకు సరిపడా సమాచారమే ఉంది. ఆ అయిదింటితోనే అది పిల్లవాడి మెదడు కణంలోకి దూరి, ఆ కణం చేత తన నకళ్లు వేలకు వేలు చేయించుకుంటుంది.

కణంలోకి చేరడానికి వైరస్‌కు తగిన తలుపు గడియ ఒకటి దొరకాలి. మన కణాల మీద ఉండే కొన్ని ప్రొటీన్లను పట్టుకుని అది లోపలికి వెళుతుంది. కామెర్ల వైరస్‌లు కాలేయానికి, పోలియో వెన్నుపాములోని నరాలకు, కరోనా ఊపిరితిత్తులకు ఎక్కువ హాని చేయడానికి ఒక కారణం ఇదే. జబ్బు మాత్రం వైరస్ ఒక్కటే చేయదు. కొన్నిసార్లు అది కణాలను నేరుగా చంపుతుంది. కొన్నిసార్లు దాన్ని తరమడానికి మన ఒంటి రక్షణ వ్యవస్థ చేసే పోరాటంలో వాపు వచ్చి, రక్తనాళాలు కారి, అవయవాలు దెబ్బతింటాయి. జ్వరం, ఒళ్లునొప్పులు చాలావరకు ఆ పోరాటం ఆనవాళ్లే. అందుకే మొదటి రెండు రోజుల్లో డెంగీ, ఫ్లూ, చికున్‌గున్యా, కరోనా అన్నీ ఒకేలా కనబడతాయి. చేయి పట్టుకుని చూసి ఫలానా వైరస్ అని చెప్పగల వైద్యుడు లేడు.

2003లో డాక్టర్ల మధ్య పెద్ద వాదమే జరిగింది. ఇది మెదడువాపు కాదు, మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు దెబ్బతిని పక్షవాతంలా వస్తోంది అని హైదరాబాద్ పిల్లల వైద్యులు కొందరు రాశారు. వైరాలజీ వాళ్లు ఒప్పుకోలేదు. ఆ వాదం చిన్నది కాదు. ఏది నిజమైతే దాన్నిబట్టి వైద్యం మారుతుంది. అయినా ఇన్నేళ్ల తరువాత నాకు అనిపించేది చెబుతాను. వైరస్ మెదడుకు చేరాక అక్కడ ఏం చేసిందని తర్కించే సమయానికి పిల్లవాడు మన చేతుల్లోంచి జారిపోతున్నాడు. ఇప్పటికీ చాందీపురాకు టీకా లేదు, మందు లేదు. 2024 వానాకాలంలో మన దేశంలో, ముఖ్యంగా గుజరాత్‌లో, 245 మందికి మెదడువాపు లక్షణాలు వచ్చి 82 మంది చనిపోయారు. ఆ 245 మందిలో 64 మందికి చాందీపురా నిర్ధారణ అయింది. ఇరవై ఏళ్ల తరువాత కూడా ఫిట్స్ ఆపడం, ఊపిరి నిలబెట్టడం, మెదడు ఒత్తిడి తగ్గించడం, ఒంట్లో నీళ్లు సరిచూడడం కంటే మన చేతిలో ఎక్కువ లేదు. చాందీపురా మనిషి ఒంట్లోకి వచ్చాక మనం ఎప్పుడూ ఆలస్యమే. మనకు బలం ఉన్నది బయట, అది నడిచి వచ్చే దారి మీద.

చాందీపురా నడిచే దారి మన గోడ. 2005లో అచ్చయిన ఒక పరిశోధనలో, మన కరీంనగర్ జిల్లాలోనే పట్టిన ఇసుక ఈగల్లో ఈ వైరస్ జాడ దొరికిందని రాశారు. ఇసుక ఈగ దోమలో మూడోవంతు కూడా ఉండదు. రెండు మూడు మిల్లీమీటర్లు. చప్పుడు చేయదు. దూరం ఎగరలేదు, గోడ పట్టుకుని చిన్న చిన్న గెంతులు వేస్తుంది. పగలంతా మట్టిగోడ బీటల్లో, చీకటి మూలల్లో, పశువుల కొట్టంలో దాక్కుని పొద్దు కుంకాక బయటికి వస్తుంది. కుట్టేది ఆడదే. పేడ, కుళ్లిన ఆకూ అలమూ కలిసిన తడి మట్టిలో గుడ్లు పెడుతుంది. అందుకే తొలకరి దానికి పండుగ. మామూలు దోమతెర కన్నాల్లోంచి అది సులువుగా దూరిపోతుంది.

ఇంత తెలిస్తే చేయవలసింది కూడా కళ్లకు కడుతుంది. రోహిణి కార్తె ఎండలు ఉండగానే, వానలకు ముందే, లోపలి గోడల బీటలు పూడ్చి సున్నం కొట్టాలి. నేల నుంచి ఆరడుగుల ఎత్తు దాకా అయితే చాలు, అది అంతకంటే పైకి పెద్దగా పోదు. మందు పిచికారీ చేసేవాళ్లు వచ్చినప్పుడు ముందుగది చూపించి పంపేయకుండా కొట్టంలోకి, వంటింటి వెనకకు తీసుకుపోవాలి. పిల్లల పక్క కొట్టానికి ఆనుకున్న గోడ పక్కన వేయవద్దు. పెంటకుప్ప వాకిట్లోంచి చేనుకు పోవాలి. దోమతెర కొనేటప్పుడు మందు పట్టించినదాన్ని అడగాలి. పుణె శాస్త్రవేత్త వైరస్ పేరు చెప్పగలడు. ఏ ఇంట్లో ఏ గోడ బీటిచ్చిందో చెప్పగలిగేది మాత్రం ఈ ముందు వరుసలో కూర్చున్న ఆశా అక్కలే.

చాందీపురాకు చుట్టం ఒకటుంది. దాన్ని మీరందరూ ఎరుగుదురు. రేబిస్. రెండూ ఒకే వంశం, రెండింటికీ తుపాకీ గుండు ఆకారమే. కానీ ఒక పెద్ద తేడా. చాందీపురా మనకు గంటలే ఇస్తుంది. రేబిస్ వారాలు, నెలలు ఇస్తుంది. కుక్క కరిచిన చోట కండలో కొంతకాలం ఉండి, నరం పట్టుకుని మెల్లగా మెదడు వైపు పాకుతుంది. మెదడు చేరి లక్షణాలు కనబడ్డాక బతికినవాళ్లు దాదాపు లేరు. చేరకముందు సరిగ్గా చికిత్స చేస్తే పోయేవాళ్లు దాదాపు ఉండరు. 1885లో పాశ్చర్ ఒక బాలుడికి టీకా వేసింది ఈ వ్యవధి మీద ఆధారపడే. ఇంత స్పష్టంగా గెలవగలిగిన జబ్బుతో మన దేశంలో ఇప్పటికీ ఏటా వేలమంది చనిపోవడం నాకు భరించరాని విషయం.

గాయం మీద కారం పెట్టడం, సున్నం రాయడం, పసరు కట్టడం ఇంకా చూస్తున్నాం. మండితే విషం పోతుందని నమ్మకం. మంటకు వైరస్ చావదు. గాయం రేగి అది నరానికి ఇంకా దగ్గరవుతుంది. దాన్ని చంపేది సబ్బు. ఇందాక చెప్పిన కొవ్వు పొర సబ్బు నీళ్లకు కరిగిపోతుంది. ధార కింద పెట్టి 15 నిమిషాలు కడగాలి. పిల్లవాడు ఏడ్చినా ఆపకూడదు. నెత్తురు వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయించాలి. టీకా పని మొదలుపెట్టేలోపు కాపలా కాసేది అదే. సర్కారు దవాఖానల్లో చర్మంలోకి వేసే టీకా మొదటి రోజు, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. మూడో సూదితో మానేసేవాళ్లు చాలామంది, మానకండి. కుక్కను పదిరోజులు చూసి అప్పుడు పోదామనుకోవద్దు. సూది ముందు, చూడడం తరువాత. కొండగట్టు అంజన్న గుడి దగ్గర కోతి మన చేతిలోని కొబ్బరిచిప్ప గుంజుకుంటూ గీరినా, కరిచినా ఇదే వరస. కోతి కదా, అంజన్న కదా అని ఊరుకోవద్దు.

ఇక మన ఇంటి గోలెం దగ్గరికి వస్తాను. నల్లా నీళ్లు రోజూ రాని కాలంలో గోలెం, డ్రమ్ము, సంపు నింపి పెట్టుకోవడం అలవాటయింది. డెంగీ, చికున్‌గున్యా మోసే ఏడిస్ దోమకు మురుగు అక్కరలేదు, ఇలాంటి మంచినీళ్లే కావాలి. పగటిపూట కుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పదిరోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అన్నా, 2020లో మొదలుపెట్టిన ఆదివారం పదిగంటలకు పదినిమిషాల కార్యక్రమం అన్నా, వారానికొకసారి అని పెట్టింది ఈ లెక్క చూసే. అయితే చాలామంది నీళ్లు పారబోసి తిరిగి నింపేస్తారు. గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. పీచుతో గోలెం లోపలి అంచు గీకి కడగకపోతే పారబోసిన శ్రమ వృథా. కూలర్ తొట్టి, పాత టైరు, కొబ్బరిచిప్ప, ఫ్రిజ్ వెనక పళ్లెం కూడా చూడండి.

డెంగీ గురించి ఇంకో మాట, ఇది ప్రాణాల మీది మాట కనుక కొంచెం ఆగి చెబుతాను. మన పట్టణాల్లో డెంగీ అంటే ప్లేట్‌లెట్ల సంఖ్య అయిపోయింది. పూటకోసారి లెక్క చూసుకుని బంధువులంతా వణికిపోతారు. చంపేది చాలాసార్లు ఆ సంఖ్య కాదు. జ్వరం తగ్గుతున్నప్పుడు, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోవడం. ఇంట్లోవాళ్లు జ్వరం పోయిందని ఊపిరి పీల్చుకునే గడియలోనే ప్రమాదం ఉంది. ఆగని కడుపునొప్పి, తెరపి లేని వాంతులు, చిగుళ్ల నుంచి నెత్తురు, చల్లబడ్డ కాళ్లు చేతులు, పిల్లవాడు మత్తుగా పడి ఉండడం, మూత్రం తగ్గడం: ఇందులో ఏది కనబడినా రాత్రని చూడకుండా దవాఖానకు తీసుకుపోండి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకసారి ఒకటి వచ్చినవాళ్లకు రెండోసారి మరో రకం వస్తే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. కాబట్టి నాకు ఒకసారి వచ్చిపోయిందని ధైర్యపడకండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. నొప్పులకని డైక్లోఫెనాక్ సూది వేస్తే, బ్రూఫెన్ మింగితే నెత్తురు కారే ప్రమాదం పెరుగుతుంది. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాను. వైరస్ మీద దానికి పనిలేదు. ఊళ్లో వైద్యం చేసే తమ్ముళ్లు కూడా ఈ సభలో ఉన్నారు. జనం మొదట వచ్చేది మీ దగ్గరికే. జ్వరం మొదటి రోజున స్టెరాయిడ్ సూది వేయకుండా మీరు ఆపగలిగితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

కొన్ని వైరస్‌ల దారి మూయడం కుదరదు. తట్టు వచ్చిన పిల్లవాడు గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ నిలిచి ఉంటుంది. టీకా లేని ఊళ్లో ఒక్కరి నుంచి పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటగలదు. అక్కడ గోడ కట్టవలసింది ఒంట్లోనే, అదే టీకా. తట్టును ఆపాలంటే వందలో తొంభై అయిదు మంది పిల్లలకు రెండు డోసులూ పడాలి. జిల్లా మొత్తం లెక్క తొంభై అయిదు దాటినా నాకు నిశ్చింత ఉండదు. ఆ మిగిలిన అయిదుగురు జిల్లా అంతటా చెల్లాచెదురుగా ఉండరు. భీవండికి, సూరత్‌కు సాంచాల పనికి పోయి వచ్చే కుటుంబాల్లో, ఇటుక బట్టీల్లో, ఒకే గుడిసెల వరసలో ఉంటారు. నిప్పు అంటుకునేది అక్కడే. పొద్దుటి నుంచి బీడీలు చుట్టే తల్లికి సూది రోజున పని మానేస్తే కూలి పోతుంది. ఆమెకు టీకా విలువ తెలియదని తిట్టేకంటే, సాయంత్రం పూట టీకా వేసే ఏర్పాటు చేయడం మేలు.

టీకాల విషయంలో తెలుగువాళ్లం గర్వపడవలసిన చరిత్ర ఉంది. 1997లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాద్‌లో హెపటైటిస్ బి టీకాను తయారు చేసేదాకా, దిగుమతి టీకా మధ్యతరగతికి కూడా అందేది కాదు. పిల్లల విరేచనాల వైరస్‌కు రోటావాక్, కరోనాకు కోవాక్సిన్ అక్కడి భారత్ బయోటెక్ నుంచే వచ్చాయి. కోరుట్ల నుంచి నాలుగైదు గంటల ప్రయాణంలో తయారయ్యే టీకా కోరుట్లలోని ఒక బీడీ కార్మికురాలి బిడ్డకు అందలేదంటే, ఆ లోటు మన మధ్యనే ఉంది.

కరోనా గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒక్కటి మాత్రం మరచిపోలేను. 2020 మార్చిలో ఊళ్ల పొలిమేరల్లో ముళ్లకంచెలు లేచాయి. దుబాయి నుంచి, మస్కట్ నుంచి ఇంటికి వచ్చిన కొడుకును ఊరు దొంగను చూసినట్టు చూసింది. వాడు పంపిన డబ్బుతోనే కదా ఊళ్లో సగం ఇళ్లు లేచింది! అవమానం భయంతో జనం దగ్గును దాచుకున్నారు. దాచిన దగ్గే ఇల్లంతా అంటించింది. పాతకాలంలో అమ్మవారు పోసినప్పుడు మన పెద్దలు గుమ్మానికి వేపమండలు కట్టి బయటివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. ఆ ఇంటిని దూరం పెట్టారు కానీ ఆ మనిషిని పాపి అనలేదు, తల్లి వచ్చిందని మొక్కారు. దూరం ఉంచడంలో గౌరవం కూడా ఉండవచ్చునని వాళ్లకు తెలుసు. అయితే మశూచిని తుడిచిపెట్టింది మాత్రం ఇల్లిల్లూ తిరిగి వేసిన టీకానే. 1977లో మన దేశం, 1980లో ప్రపంచం దాని పీడ విరగడైందని ప్రకటించుకున్నాయి.

మనిషి భూమి మీద లేకుండా చేసిన వైరస్ జబ్బులు రెండే. రెండోది మీది, పశువైద్య విద్యార్థులది. పశువుల ముసర వ్యాధి. అది 2011లో పోయింది. తట్టు వైరస్‌కు అది దగ్గరి బంధువు. ఈ సభ కోరుట్లలోనే పెట్టమని నేను అడగడానికి మీ కళాశాలే కారణం. చాందీపురాకు ప్రతిరక్షకాలు పశువుల్లో, మేకల్లో, గొర్రెల్లో, పందుల్లో కూడా దొరికాయి. అంటే పిల్లవాడి దాకా రాకముందే అది కొట్టంలో తిరుగుతోంది. కొట్టంలోకి రోజూ వెళ్లేది మీరు. వానలు మొదలవకముందే పది ఊళ్లలో పశువుల రక్తం, ఇసుక ఈగలు సేకరించి చూడడం మీ చదువుకు మించిన పని కాదు.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో సర్కారు వైద్య కళాశాలలు వచ్చాయి. 2003లో ఇవి లేవు. అక్కడి అధ్యాపకులను ఈ వేదిక మీద నుంచి అడుగుతున్నాను. వచ్చే జూన్‌లో జ్వరం, ఫిట్స్‌తో ఒక పిల్లవాడు మీ క్యాజువాలిటీకి వస్తే, వైద్యం మొదలుపెడుతూనే మొదటి గంటలో గొంతు స్వాబ్, రక్తం తీసి చల్లటి పెట్టెలో పెట్టండి. వీలైనంత త్వరగా వెన్నునీరు కూడా తీయండి. పరీక్ష జిల్లాలోనే జరిగే ఏర్పాటు కోసం పట్టుబట్టండి. అదే పూట ఆ పిల్లవాడి ఊరి ఏఎన్ఎంకు ఫోన్ చేయండి. రిపోర్టు వచ్చేదాకా ఆగవద్దు. ఆ ఇంటి గోడలు, కొట్టం, చుట్టుపక్కల ఇళ్లు మర్నాడు పొద్దున్నే చూడమని చెప్పండి. ఆ ఇంట్లో ఇంకో పిల్ల పడుకుని ఉంటుంది.